బిరడా

కయాక్ వేసుకుని తోట్లకొండ కింద సముద్రంలోకి చేపలకి వెళతానంటే మా ఆవిడ ఒక్కటే అంది: “చేపలమ్మి గుమ్మంలోకే వస్తుంది కదండీ!”

యాభై మూడేళ్ళకి పట్టుకున్న సరదా. అందుకే పద్ధతిగా మొదలుపెట్టాను. గురువు మా క్లబ్బు మిత్రుడే. ఆయన చెప్పిందల్లా డైరీలో రాసుకున్నాను. లోపల కాళ్ళు చాపుకుని కూర్చునే రకం వద్దు, అల మీద పడితే నిండిపోతుంది. పైన కూర్చునే రకం కొనాలి. దానికి కూర్చునే చోట ఆర్పారు చిల్లులుంటాయి, మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే దిగిపోతాయి. తెడ్డు, గేలం కర్ర, పట్టుకారు, అన్నీ తాడుతో పడవకి కట్టాలి. ఫోను మాత్రం నీళ్ళు దూరని సంచిలో పెట్టి ఒంటికి కట్టుకోవాలి. పడవ మనల్ని వదిలేసి పోయినప్పుడే కదా దానితో పని! అందులో కోస్ట్ గార్డ్ నంబరు, 1554. మెడలో ఈల. ఎటు వెళుతున్నాం, ఎన్నింటికి వస్తాం అన్నది ఇంట్లో ఒకరికి చెప్పి కదలాలి.

వీటన్నిటికంటే నన్ను ఏడిపించింది బోల్తా పడ్డాక మళ్ళీ ఎక్కడం. గుండె లోతు నీళ్ళలో కావాలని పడాలి. పడవ మీద అడ్డంగా బోర్లా వాలి, చేపలా కాళ్ళు కొట్టి, పొట్ట దాని మధ్యకి వచ్చాక వెల్లకిలా తిరిగి లేచి కూర్చోవాలి. రాసినంత తేలిక కాదు. నా పొట్టకి అసలే కాదు. నెల రోజులు ఆదివారం ఆదివారం అదే పని. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి మరీ చూసేవారు.

“ఇదేటి బాబూ, తెప్పే కదా! కుర్చీ ఏసినారు” అన్నాడు చుట్ట కాలుస్తున్న ఒక ముసలాయన.

మాట నిజమే. ఆ తెప్ప కూడా అంతే, అల పైకెక్కి సందుల్లోంచి దిగిపోతుంది. దుంగలు కట్టిన ఈ తెప్పకి తమిళులు పెట్టుకున్న పేరునే ఇంగ్లీషువాళ్ళు క్యాటమరాన్ చేసుకున్నారు. మనం ఇప్పుడు దానికి కుర్చీ వేసి, వేలు పోసి కొనుక్కుంటున్నాం.

లైఫ్ జాకెట్ మటుకు కొననక్కర్లేకపోయింది. మిత్రుడి గ్యారేజీలో గోడవారగా అట్టపెట్టెల నిండా కొత్తవే ఉన్నాయి, నారింజ రంగువి. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. లోపలివైపు, కుడి అంచున శనగగింజంత కాలిన చిల్లి.

“ఆ మాత్రానికి ఏమీ కాదు. జాకెట్ ఇంట్లో ఉంటే ప్రాణం కాపాడదోయ్, ఒంటి మీద ఉండాలి” అన్నాడు. అదీ డైరీలో రాసుకున్నాను.

జనవరిలో ఒక ఆదివారం. ఆ రోజుల్లో తెల్లవారుజాము గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళు అద్దంలా ఉంటాయి. మోసమంతా అక్కడే. ఆ గాలి వెళ్ళేటప్పుడు వీపు తట్టి పంపిస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలబడుతుంది. కొత్తవాడు అరకిలోమీటరు దాటకూడదని గురువు మాట. దాటకూడదనే అనుకున్నాను. కానీ కాస్త అవతల పిట్టలు నీళ్ళ మీద వాలుతూ లేస్తూ ఉన్నాయి. పిట్టలున్న చోట చిన్న చేప, చిన్న చేప వెనకాల వంజరం. వంజరం తలుచుకున్నవాడికి అరకిలోమీటరేమిటి, కిలోమీటరేమిటి?

గంట గడిచేసరికి కయాక్ తెడ్డు మాట వినడం మానేసింది. ఎడమకి తిప్పితే ఆలోచించుకుని తిరుగుతోంది. వెనక భాగం కుంగింది. ఒళ్ళు కదిపితే కింద గలగలమని చప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది, బిరడా.

కయాక్ కడుపు డొల్ల. లోపల చేరిన నీళ్ళు వంచెయ్యడానికి వెనక కొసన ఒక బిరడా ఉంటుంది. ముందురోజు పడవని మంచినీళ్ళతో కడిగి, లోపల ఆరాలని దాన్ని ఊడదీసి, భద్రంగా మా వంటింటి కిటికీలో పెట్టాను. తాళ్ళన్నీ రెండేసిసార్లు లాగి చూసుకున్నవాణ్ణి, అటు తిరిగైనా చూడలేదు.

నెమ్మదిగా పక్కకి ఒరిగింది. నెల రోజులు నేర్చుకున్నట్టే బోర్లా వాలాను, కాళ్ళు కొట్టాను. కడుపునిండా నీళ్ళున్న పడవ నాతోపాటే దొర్లింది. మూడుసార్లూ అంతే. తడి వేళ్ళకి ఫోను తెర పలకలేదు. ఇక మిగిలింది ఈల. జాకెట్ నన్ను గడ్డం దాకా పైన నిలబెట్టి ఉంచితే, ఊపిరున్నంతసేపూ ఊదాను.

చుట్ట ముసలాయన తెప్ప వేసుకొచ్చాడు. గోచీ, తలకి తువ్వాలు, అంతే ఆయన ఒంటి మీద ఉన్నది. జాకెట్ భుజాలు పట్టుకుని నన్ను పైకి లాగి, కయాక్‌ని వెనక్కి కట్టి, ఏమీ అనకుండా తెడ్డు వేయడం మొదలుపెట్టాడు.

ఊపిరి తిరిగింది. దాంతోపాటే నా పెద్దరికమూ తిరిగొచ్చింది.

“ఒంటి మీద లైఫ్ జాకెట్ లేకుండా ఇంత దూరం వస్తావా పెద్దాయనా? రెండేళ్ళ కిందట మీ పల్లెలో అందరికీ మా క్లబ్బువాళ్ళు పంచారు కదా! ఆ రోజు ఫొటోలు తీసింది నేనే.”

“అవును బాబూ, మీరే” అన్నాడు. తెడ్డు ఆపలేదు.

ఒడ్డున కూలబడి జాకెట్ బకిల్స్ విప్పాను. ఆయన వంగి, తెరుచుకున్న కుడి అంచు పట్టుకుని లోపలివైపు తిప్పాడు. ఆ కాలిన చిల్లిలో చిటికెనవేలు పెట్టి చూశాడు.

“ఫొటోలో బాగోదు, చుట్ట దాచు అన్నారు కదా బాబూ మీరు. దీని ఎనకాలే దాసినాను.”

అన్నాను. కెమెరా కంట్లోంచి తల ఎత్తకుండా, అన్నాను. మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేశాను కూడా.

“ఆ సాయంత్రమే మీవోళ్ళు మల్లీ వచ్చి అందరియీ అట్టుకెల్లిపోనారు. నంబర్లేసి తిరిగి ఇచ్చేత్తామన్నారు.”

జాకెట్‌ని నెమ్మదిగా వెనక్కి తిప్పి, పైనుంచి కింది దాకా వెతికాడు.

“నంబరేసినారా బాబూ?”