ఫ్రిజ్ తలుపు మీది ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మూలం మా వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద దొరికింది. తాళపత్రం కాదు, పాల లెక్క రాసుకునే పుస్తకంలోంచి చించిన కాగితం. వెంకన్న బొమ్మ ఉన్న అయస్కాంతం దాన్ని పట్టుకుని ఉంది. కవి పేరు లేదు. కాలం మాత్రం కొంత తేలుతుంది. కాగితం వెనక ‘14వ తేదీ, పెరుగు ఒకటి’ అని ఉంది గనక పద్యం ఆ పెరుగు తర్వాతిదే. చేతిరాత ఈ టీకాకారుడి చేతిరాతలాగే ఉందని మా ఆవిడ వాదం. లేఖకుల మధ్య ఇలాంటి పోలికలు మామూలే కనుక ఆ చర్చలోకి దిగను.

సందర్భం ఇది. కవి పదహారు–ఎనిమిది దీక్షలో ఉన్నాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తింటాడు. తక్కిన పదహారు గంటలూ తినడు. దీక్షాపరుల పరిభాషలో మొదటిది ‘ఈటింగ్ విండో’, రెండోది ‘ఫాస్టింగ్ విండో’. కిటికీ మూసి మూడు గంటలైంది. రాత్రి పదకొండు. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఫ్రిజ్‌లో లైటు వెలిగింది.

మూలం

ఆ. గంట లెంచి యెంచి కడుపు మాడ్చెడివాడు
సున్న చక్కెరంచుఁ జూచి మురిసి
డబ్బ మూత దీసి డస్సిన గొంతులోఁ
బోసికొన్న దీక్ష పోవు నొక్కొ?

ప్రతిపదార్థం

గంటలు + ఎంచి + ఎంచి = గంటలను ఫోనులో ఒకసారి, గోడ గడియారంలో ఒకసారి లెక్కపెట్టి. రెండింటికీ మధ్య నాలుగు నిమిషాల తేడా ఉంటే ఏది లాభమో దాన్నే ప్రమాణంగా తీసుకొని అని భావం. క్త్వార్థమైన ఇకారానికి సంధి లేదు కనుక యడాగమం వచ్చింది. అంత ఆకలిలోనూ బాలవ్యాకరణం మరవనివాడు దీక్ష నియమం మరచిపోయి డబ్బా తీశాడంటే నమ్మలేం.

కడుపు మాడ్చెడివాడు = కడుపు మాడ్చుకొనేవాడు. ‘ఉపవసించువాడు’ అని ఎందుకు అనలేదన్నది ప్రశ్న. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం, దేవుడికి దగ్గరగా ఉండటమే ఉపవాసమని పెద్దలు చెప్తారు. కవి ఆ వేళ దగ్గరగా ఉన్నది ఫ్రిజ్‌కి. లేని గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేక ఉన్నమాట రాశాడు.

సున్న చక్కెర + అంచున్ = చక్కెర సున్న అని. ఈ పదం దగ్గర కాస్త ఆగాలి. సున్నకు కూడికలూ తీసివేతలూ 628లో బ్రహ్మగుప్తుడు సూత్రీకరించాడు. ఆయన సున్న ఉత్త సున్న. చక్కెర లేని కోలా డబ్బా మీది సున్నకు లక్షణం వేరు. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాల్లో 100 మిల్లీలీటర్లకు చక్కెర అర గ్రాము మించకపోతే ‘చక్కెర లేనిది’ అనొచ్చు. శక్తి 4 కిలోక్యాలరీలు మించకపోతే ‘క్యాలరీలు లేనిది’ అనొచ్చు. అంటే 300 మిల్లీలీటర్ల డబ్బాలో పన్నెండు కిలోక్యాలరీల దాకా ఉన్నా శాస్త్రరీత్యా సున్నే. నిజానికి లోపల అంత ఉండదు. తీపినిచ్చే ఆస్పర్టేమ్ గ్రాముకు 4 కిలోక్యాలరీలే అయినా, చక్కెరకన్నా సుమారు 200 రెట్లు తియ్యన కాబట్టి చిటికెడు చాలు. మామూలు కోలా అయితే అదే డబ్బాలో ముప్ఫై గ్రాముల పైచిలుకు చక్కెర, అనగా ఏడెనిమిది చెంచాలు. ఈ తేడా చూసి కవి మురవడంలో తప్పు లేదు.

చూచి = చదివి. పెద్ద అక్షరాలు మాత్రమే అని గ్రహించాలి. స్తోత్రానికి చివర ఫలశ్రుతి ఉన్నట్టు డబ్బాకీ ఒకటి ఉంటుంది, చీమతలంత అక్షరాల్లో. కృత్రిమ తీపి కలిసిందనీ, పిల్లలకు తగదనీ, ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టు జబ్బు ఉన్నవారికి పనికిరాదనీ ఉంటుంది. ఆస్పర్టేమ్ విడిపోతే ఫినైలలనిన్ వస్తుంది. ఆ జబ్బున్నవారి ఒంట్లో అది ఖర్చుకాక పేరుకుపోతుంది. స్తోత్రం చదివేవారు ఫలశ్రుతి వదలరు. డబ్బా తాగేవారు చదవరు.

డబ్బ మూత తీసి = స్పష్టం. ‘దబ్బ’ అనే పాఠం ఒకటుంది. మా మావగారు చూపించారు. ఆయనది గోదావరి జిల్లా, కనుక దబ్బకాయ రసమని అర్థం చేసి, ఉప్పు వేసుకుని తాగితే దీక్షకేం ఢోకా లేదని తీర్పు చెప్పారు. అర్థం బాగుంది గానీ యతి చెడుతుంది. అవతల ‘డస్సిన’ ఉంది కనుక ఇవతల డకారమే ఉండాలి. పైగా దబ్బకాయకు మూత ఉండదు.

డస్సిన గొంతులోన్ = అలసిన గొంతులో. ఇక్కడ కవి గడుసుదనం చూడండి. నోట్లో అనలేదు, నాలుక మీద అనలేదు, గొంతులో అన్నాడు. తనది రుచికోసం తాగిన తాగుడు కాదనీ, దాహానికి వేసుకున్న మందులాంటిదనీ చెప్పుకోవడానికి నాలుకను తప్పించాడు. ఇది చెల్లదు. చక్కెర తగిలినా ఆస్పర్టేమ్ తగిలినా పట్టుకునే గ్రాహకం నాలుక మీద ఒకటే, 2001లో దాని ఆనవాలు దొరికింది. పేగుల్లో కూడా అదే గ్రాహకం ఉందని తర్వాత తేలింది. నాలుకను దాటించినా లోపల ఇంకో నాలుక కూర్చుని ఉంది.

పోసికొన్న = పోసుకున్నట్లయితే. దీక్ష పోవున్ + ఒక్కొ = దీక్ష పోతుందో ఏమో! ఒక్కొ అనేది సందేహార్థకం. అడుగుతున్నవాడు డబ్బా తాగకముందు అడగడం లేదు, తాగాక అడుగుతున్నాడు.

పాఠాంతరం

‘పోసికొన్న రూక పోవు నొక్కొ’ అని మా ఆవిడ పాఠం. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, నలభై రూపాయల డబ్బాకు అన్వయమూ కుదిరింది. ఇంటి బడ్జెట్ సంప్రదాయంలో ఇదే ప్రామాణిక పాఠం. ఈ టీకాకారుడు మూలాన్నే అనుసరించాడు.

పూర్వపక్షం

దీక్ష పోతుందనేవారు కొందరు, పోదనేవారు కొందరు. ‘ఏ దీక్ష?’ అని అడిగితే ఇద్దరూ తడుముకుంటారు. బరువు తగ్గడానికి చేసే దీక్షకు క్యాలరీలే లెక్క. ఆ లెక్కన డబ్బా దాదాపు మంచినీళ్ళతో సమానం, పోదు. ఇన్సులిన్‌ను పడుకోబెట్టడమే లక్ష్యమంటే వాదం కాస్త సాగుతుంది. నాలుకకు తీపి తగలగానే, తిండి వస్తోందనుకుని ఒళ్ళు ముందే ఇన్సులిన్ వదులుతుందని ఒక మతం. మనుషుల మీది పరీక్షల్లో అది ఒకచోట కనబడితే ఇంకోచోట కనబడలేదు. కనబడ్డచోటా కొద్దిగానే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు 2022లో 120 మందికి రెండు వారాలు రకరకాల కృత్రిమ తీపి పొడులు ఇచ్చి చూశారు. శాకరిన్, సుక్రలోజ్ వాడినవారిలో గ్లూకోజ్‌కు ఒళ్ళు స్పందించే తీరు మారింది. ఆస్పర్టేమ్ వాడినవారిలో అలాంటి మార్పు తేలలేదు. కనుక ఏ తీపి అన్నది చూడకుండా తీర్పు చెప్పేవాడు నిఘంటువు లేకుండా నైషధం చదివేవాడితో సమానం.

మూడో మతంవారు ఆటోఫజీ అంటారు. కణం తనలోని చెత్తను తానే తిని శుభ్రపడటం. ఆ యంత్రాంగాన్ని విప్పిచెప్పినందుకు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆయన పని చేసింది రొట్టె పిండిని పొంగించే ఈస్టు మీద. మన కవి కణాలు ఆ రాత్రి ఎంత చెత్త తిన్నాయో కొలిచే తూనిక వంటింట్లో లేదు. అయినా ఈ మతంవారే గట్టిగా అరుస్తారు. కొలవలేని పుణ్యం మీద అరిచేవారు అన్ని మతాల్లోనూ ఉంటారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ మీమాంస అంతా నీళ్ళు తాగొచ్చన్న దీక్షల్లోనే పుడుతుంది. రంజాన్ రోజా ఉన్నవారికి ఈ పద్యం అర్థమే కాదు. అక్కడ సూర్యాస్తమయం దాకా నీళ్ళ చుక్క కూడా లేదు, ప్రశ్నకు చోటే లేదు. మనవాళ్ళకు ఒక్కపొద్దు ఉంది. ఫలహారం అంటే పళ్ళు తినడమని నిఘంటువు. మా నాయనమ్మ శనివారం ఒక్కపొద్దులో దాని అర్థం నెయ్యి కారే గోధుమరవ్వ ఉప్మా, పక్కన రెండు ఇడ్లీ. అన్నం మెతుకు తగల్లేదు కనుక వ్రతం నిలిచింది. ఆ వంశంలో పుట్టినవాడు డబ్బా మీద సున్న చూసి మురిస్తే ఆశ్చర్యమేముంది?

విశేషాంశాలు

ఈ తీపుల పుట్టుక ఒక మడి తప్పిన కథ. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చేతులు కడుక్కోకపోవడం వల్ల పుట్టినవే చాలా భాగం. 1879లో బాల్టిమోర్‌లో ఫాల్‌బర్గ్ అనే ఆయన, రెమ్సెన్ ప్రయోగశాలలో కోల్‌తారు పదార్థాలతో పనిచేసి, ఇంటికెళ్ళి రాత్రి భోజనానికి కూర్చుంటే చేతులు తియ్యగా తగిలాయి. అదే శాకరిన్. 1937లో స్వేడా సిగరెట్టు నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది, సైక్లమేట్ దొరికింది. 1965లో ష్లాటర్ అల్సరు మందు కోసం పనిచేస్తూ, కాగితం తీయడానికి వేలు ఎంగిలి చేసుకున్నాడు. అదే ఆస్పర్టేమ్. నాలుగోది ఇంకా చిత్రం. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నీస్ అనే మన దేశపు పరిశోధకుడికి, పొడిని ‘టెస్ట్’ చేయమంటే ‘టేస్ట్’ చేయమన్నట్టు వినబడింది. నాకి చూశాడు, సుక్రలోజ్ బయటపడింది. మా నాయనమ్మ ఆ ప్రయోగశాలల్లో ఉండి ఉంటే కాళ్ళూ చేతులూ కడిగించి కూర్చోబెట్టేది, నాలుగింటిలో ఒక్కటీ పుట్టేది కాదు. రాత్రి పదకొండింటికి డబ్బా తీసే ప్రతివాడూ ఒక ఎంగిలి వేలికి రుణపడి ఉన్నాడు.

భయపెట్టే వ్యాఖ్యానాలు కూడా ఉన్నాయి కనుక చెప్పాలి. బరువు తగ్గడానికి చక్కెరకు బదులుగా ఈ తీపులను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. జులైలో దాని క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ను ‘క్యాన్సర్ కారకం కావొచ్చు’ అనే జాబితాలో చేర్చింది. అదే రోజు ఇంకో నిపుణుల సంఘం, శరీర బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత హద్దును మార్చక్కర్లేదంది. వారి లెక్కనే డెబ్బై కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు డబ్బాలు తాగాలి. డెబ్బై కిలోలన్న దగ్గర మా ఆవిడ దగ్గింది. ఆ దగ్గుకు టీక రాయను.

సిద్ధాంతం

ఈ ప్రశ్నకు మన పురాణాల్లో ఒక పూర్వోదాహరణ ఉంది. భాగవతం నవమ స్కంధంలో అంబరీషుడు ద్వాదశీ వ్రతం ముగించి పారణకు కూర్చోబోయే వేళకు దుర్వాసుడు అతిథిగా వచ్చాడు, యమునలో స్నానానికి వెళ్ళి ఎంతకీ తిరిగిరాలేదు. ద్వాదశి ఘడియలు అయిపోతున్నాయి. తింటే అతిథికి అవమానం, తినకపోతే వ్రతభంగం. పండితులు ఆలోచించి చెప్పారు: నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. రాజు నీళ్ళు తాగాడు. తిన్నట్టూ తిననట్టూ ఉండే పదార్థం! మన కవి చేతిలో ఉన్నది అచ్చంగా అదే కదా అని నేను మొదట ఎగిరి గంతేశాను.

కానీ కథ వెనక్కి తిరుగుతుంది. అంబరీషుడు వ్రతం ముగిసిందనిపించుకోవడానికి తాగాడు. మనవాడు ముగియలేదనిపించుకోవడానికి తాగుతున్నాడు. న్యాయం ఒకటే, దిక్కు మారింది. పైగా అంత జాగ్రత్తగా తాగిన నీళ్ళకే దుర్వాసుడు కృత్యను పుట్టించాడు, విష్ణుచక్రం వెంటపడింది, ముని మూడు లోకాలూ పరుగెత్తాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఏడాది పాటు రాజు నీళ్ళ మీదే ఉన్నాడు. పదహారు గంటలకే ఫోనూ గడియారమూ పోల్చి చూసుకునేవాడికి ఈ ఉదాహరణ మీద హక్కు తక్కువ.

తాత్పర్యం

గంటలు లెక్కపెట్టుకుంటూ కడుపు మాడ్చుకునేవాడు, చక్కెర సున్న అని చూసి సంతోషించి, డబ్బా మూత తీసి ఎండిన గొంతులో పోసుకుంటే దీక్ష పోతుందా? క్యాలరీ లెక్కలో పోదు. ఒక్క ఆస్పర్టేమ్ డబ్బాకు రక్తంలో చక్కెర చెప్పుకోదగ్గట్టు పెరగదు. పోయేది ఏదైనా ఉంటే, ఆ రాత్రి తీపి లేకుండా నిద్రపోగలననే ధీమా. అది ఏ గ్లూకోమీటరుకూ అందదు. పొట్టలో ఆకలి, నాలుక మీద కోరిక రెండు వేరని కవికి తెలుసు. తెలియకపోతే ‘గొంతులో’ అనడు. అలంకారం సందేహం. నా మటుకు నాకు అపహ్నవమేమో అనిపిస్తోంది, అంటే ఉన్నదాన్ని కప్పిపుచ్చడం.

ఇది శ్రీమత్ ఫ్రిజ్‌ద్వార లబ్ధ ఏకపద్య కావ్యానికి, పదిహేను గంటల నలభై నిమిషాల నిరాహారంతో రచితమైన టీక సమాప్తం.

అంచున పెన్సిల్‌తో, వేరే చేతిరాతలో: కవి తాగినవి రెండు. టీకాకారుడు రాస్తూ తాగినవి మూడు. ఖాళీ డబ్బాలు సింకు కింద ఉన్నాయి, పడేయండి.