కిలోమీటరు లోపల కాపురం

మే నెలాఖరున కూకట్‌పల్లి నుంచి నిజాంపేట దాకా ఏ సందులోకి తొంగిచూసినా నడిరోడ్డు మీద ఒక ఫ్రిజ్ నిలబడి ఉంటుంది. పక్కన బట్టల మూటలు, కాళ్లు పైకెత్తి పడుకున్న డైనింగ్ టేబుల్, పాత చీరలో చుట్టిన టీవీ. అన్నిటికీ కాపలాగా ప్లాస్టిక్ కుర్చీలో అమ్మమ్మగారు, ఆవిడ ఒళ్లో వెంకటేశ్వరస్వామి పటం. వరదలేం రాలేదు, ఎవరూ బాంబులు వెయ్యలేదు. జూన్ 12న తెలంగాణలో బళ్లు తెరుస్తారు, అంతే. ఎల్‌కేజీలో సీటొచ్చిన ఒక బుడ్డోడి కోసం మూడు తరాల సామాను రోడ్డెక్కింది.

మన జనం చట్టాన్ని గౌరవించరని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాది కేంద్రం రాసిన నిబంధనల ప్రకారం అయిదో తరగతి దాకా పిల్లలకు నడిచి వెళ్లేలా కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా అయితే మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. మంచి బడిని ఇంటి దగ్గరకు తేవడం సర్కారు వల్ల కాలేదు కనుక, హైదరాబాదు జనం ఇళ్లనే బడి దగ్గరకు మోసుకెళ్తున్నారు. కొలత కొలతే, అర అంగుళం తేడా లేదు. సామాను మోసే డీసీఎం వ్యాన్ కిరాయి ఎవరిదన్నది మాత్రం నిబంధనల్లో రాయలేదు.

అసలు కిలోమీటరు లోపల బడి లేదని కాదు. పాత ఇంటి సందు చివరే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం అన్నం ఉచితం, ఆవరణలో వేపచెట్టు. మన సామాన్ల బండి ఆ గేటు ముందు నుంచే వెళ్తుంది, మనం చూపు తిప్పుకుంటాం. ఆ బడి మనకు తెలియకేం? అయిదేళ్లకోసారి అక్కడే కదా క్యూలో నిలబడి వేలికి సిరా పూయించుకుంటాం. ఓటెయ్యడానికి పనికొచ్చే గది ఎక్కాలు చదవడానికి పనికిరాదని ఎవరు తేల్చారో తెలీదుగానీ, అందరం ఏకగ్రీవంగా తేల్చుకున్నాం.

ఇక ముహూర్తాలు. బడివాళ్లు జూన్ 12 అంటారు, పంచాంగం ఆషాఢం అంటుంది. ఆషాఢంలో ఇల్లు మారితే ఏమవుతుందో ఎవరూ చూసి చెప్పింది లేదు, అయినా ఎవరూ మారరు. 2025లో ఆషాఢం జూన్ 26నే వచ్చేసింది. సెలవుల్లో ఊరెళ్లి బడి తెరిచాక దిగినవాళ్లకు మిగిలింది రెండు వారాలు. అందులోంచి మంగళవారాలు తియ్యండి, అష్టమి నవమి తియ్యండి, అమావాస్య తియ్యండి, ఇంటాయనకు తారాబలం లేని రోజులు తియ్యండి. అద్దె ఇంటికి మూఢం పట్టదని సిద్ధాంతిగారు పెద్దమనసు చేసుకుంటే ఏ రెండు రోజులో మిగులుతాయి. ఆ రెండు రోజులూ నగరంలో సగం మంది ఒకే గంటలో పాలు పొంగిస్తారు. ఆ పూట డీసీఎం డ్రైవర్‌కు ఫోన్ చేస్తే మంత్రిగారి పీఏ మాట్లాడినట్టే మాట్లాడతాడు. మృగశిర కార్తె కూడా ఆ వారాల్లోనే. పరుపులు బండెక్కేదాకా ఓపిగ్గా ఆగి అప్పుడు వాన మొదలుపెడుతుంది.

ఇంటి ఓనర్లను తిట్టే అలవాటు మనకుంది, అది తప్పు. వాళ్లు విద్యారంగానికి చేస్తున్న సేవను ఎవరూ గుర్తించడం లేదు. టులెట్ బోర్డు మీద గదుల సంఖ్య కన్నా పెద్ద అక్షరాలతో 'స్కూలుకు నడిచే దూరం' అని రాసేది వాళ్లే. ఆ నడకకు నెలకింత అని వెల కట్టేదీ వాళ్లే. బడికి ఫీజు కడతాం, బడి కనిపించే బాల్కనీకి మళ్లీ కడతాం.

"ఏం చేస్తారు బాబూ?"

"సాఫ్ట్‌వేర్ అండి."

"పర్మనెంటా, కాంట్రాక్టా? ఏ ఊరు?"

"తెనాలి దగ్గరండి."

"అది సరే. మీరేమిట్లు?"

ఈ ప్రశ్న దగ్గర గొంతు కాస్త తగ్గుతుంది, చూపు మాత్రం తగ్గదు. ఆ తర్వాత నాన్‌వెజ్, ఆ తర్వాత వచ్చిపోయే చుట్టాలు, ఆఖర్న పిల్లలు గోడల మీద గీస్తారా లేదా. వింటుంటే ఈ పేపరు ఎక్కడో రాశామే అనిపిస్తుంది. రాశాం, ఎల్‌కేజీ అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు. అక్కడా నాన్న జీతం, అమ్మ డిగ్రీ, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా అనే అడిగారు. చేర్చుకునేటప్పుడు పిల్లాడికిగానీ తల్లిదండ్రులకుగానీ వడపోత పరీక్ష పెట్టకూడదని, పెడితే మొదటిసారికి 25,000, ఆపైన ప్రతిసారీ 50,000 దాకా జరిమానా అని అదే విద్యాహక్కు చట్టంలో ఉంది. అందుకే బళ్లో దాన్ని పరీక్ష అనరు, 'ఇంటరాక్షన్' అంటారు. ఓనర్‌గారికి ఆ తిప్పలేం లేవు, నేరుగా అడిగేస్తారు. నా ఓటు ఆయనకే.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకో తెలుసా? ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చెయ్యాలని 1908 నాటి చట్టం. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కనిపెట్టిన పదకొండు మన పాలిట పంచాంగమైంది. జూన్‌లో సంతకం పెడితే మే నెలకు తీరిపోతుంది. బళ్లో పిల్లాడికి కొత్త యూనిఫాం కొలతలు తీసే రోజుల్లోనే ఇక్కడ ఓనర్‌గారు మన కొలతలు తీస్తారు. టీసీ తెచ్చుకుని, ఫీజు కట్టేసి, బస్సు రూటు మాట్లాడుకున్నవాడు ఎక్కడికి పోతాడు? పెంచింది ఇస్తాడు. కాదని ఖాళీ చేస్తే పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోత. అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తెచ్చింది. నమూనా కనుక మా సందులో దాన్ని నమూనాకైనా ఎవరూ చూడలేదు.

సామాను ఎక్కించే రోజు హమాలీ ఒక అట్టపెట్టె ఎత్తి, మోకాలి దాకా లేపి, దించేశాడు.

"ఏమున్నది సార్ గిందుల, గ్రైండరా?"

"ఒకటో తరగతి పుస్తకాలు."

అతను నా వైపు, పెట్టె వైపు, మెట్ల మీద కూర్చుని బిస్కెట్ తింటున్న పిల్ల వైపు చూశాడు. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి కిలోన్నర దాటకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందని చెబుదామనుకున్నాను. కానీ అతను అప్పటికే ఇంకొకణ్ణి సాయానికి కేకేశాడు. కొత్త అపార్టుమెంటులో సామాను లిఫ్టులో ఎక్కించరాదని అసోసియేషన్ బోర్డు. వాళ్లిద్దరూ నాలుగంతస్తులు మెట్ల మీదే మోశారు. మూవింగ్ చార్జీ మాత్రం లిఫ్టు మెయింటెనెన్సు కిందే వసూలు చేశారు.

కింద డీసీఎం సందుకు అడ్డంగా నిలబడింది. దాని వెనక ఒక పసుపు బస్సు, ఆపకుండా హారన్. ఏ బడి కోసం ఇల్లు మారుతున్నామో ఆ బడి బస్సే. లోపల పటాన్‌చెరు వైపు నుంచి పొద్దున్నే బయల్దేరిన పిల్లలు, కిటికీలకు తలలానించి నిద్రపోతున్నారు. నడిచే దూరంలో ఉండాలని వచ్చినవాళ్ల సామాను వల్ల దూరం నుంచి వచ్చినవాళ్లకు మొదటి పీరియడ్ పోయింది.

ఇంతకీ ఇంటాయన ఆఫీసు గచ్చిబౌలిలో, ఇల్లాలి ఉద్యోగం ఉప్పల్‌లో. పాత ఇల్లు ఇద్దరికీ మధ్యలో పడేది. కొత్త ఇంటి నుంచి ఇద్దరికీ దూరమే. పెద్దవాళ్లకు ఇన్ని కిలోమీటర్లని ఏ నిబంధనల్లోనూ లేదు కనుక వాళ్లు మెట్రోలో వేలాడుతూ, ఫ్లైఓవర్ మీద బ్రేకు తొక్కుతూ, పిల్ల మాత్రం అయిదు నిమిషాల్లో బడికి చేరుతోందని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పిల్ల సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు తీసేవాళ్లుండరు. అందుకని అమ్మమ్మగారిని తెనాలి నుంచి శాశ్వతంగా తరలించారు. ఆవిడకు ఇక్కడ తెలిసిన మనిషి వాచ్‌మన్ భార్య ఒక్కత్తే.

మరుసటి ఏప్రిల్‌లో బడి నుంచి వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. మెరుగైన విద్యా వాతావరణం కోసం రెండో తరగతి నుంచి పై తరగతులన్నీ బాచుపల్లి కొత్త క్యాంపస్‌కు మారుస్తున్నారట. తల్లిదండ్రుల సహకారానికి ముందస్తు ధన్యవాదాలట. అది చదువుతుండగానే బ్రోకర్ ఫోన్.

"సార్, సర్క్యులర్ చూసిండ్రా? పరేషాన్ కాకుండ్రి. క్యాంపస్ పక్కనే మూడు ఫ్లాట్లున్నయ్ నా తాన. అడ్వాన్స్ ఇయ్యాల్నే ఏస్తే ఆషాఢం రాకముందే దిగొచ్చు."