పసుపు మార్కెట్ ఊళ్లో కార్డుల ఫైలు ఆత్మకథ

తన కథ చెప్పుకోమంటే ఆ ఫైలు పుట్టుక దగ్గర ఎక్కువసేపు నిలవదు. 2011లో పాయింట్‌బిజ్ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామర్ దాన్ని రాసి, బిట్అడ్రెస్ అని పేరు పెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోమని వదిలేశాడు. ఒకే ఒక్క వెబ్ పేజీ, లోపలంతా జావాస్క్రిప్ట్. దాని నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో దుబాయ్ నుంచి ఆర్మూర్ వచ్చింది. సెలవు మీద ఊరికొచ్చిన ఒక యువకుడు దాన్ని జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌లో ఎక్కించాడు. తన బతుకు అక్కడే మొదలైందని అది అనుకుంటుంది.

దాని పని బిట్‌కాయిన్ బహుమతి కార్డులు తయారుచేయడం. తెరవగానే మౌస్‌ను ఇష్టం వచ్చినట్టు తిప్పమంటుంది. ఆ వంకరటింకర కదలికలను పోగుచేసి, వాటి సాయంతో ఎవరూ ఊహించలేని 256 బిట్ల రహస్య సంఖ్యను పుట్టిస్తుంది. అంకెల్లో రాస్తే అది 78 స్థానాల దాకా సాగుతుంది. దాన్నుంచి లెక్కగట్టి ఒక చిరునామా తీస్తుంది. కాగితం మీద రెండు క్యూఆర్ కోడ్‌లు పడతాయి. సొమ్ము వేయడానికి ఉన్నదాన్ని ఎవరికైనా చూపించొచ్చు. సొమ్ము తీయడానికి ఉన్నదాన్ని మాత్రం దాచుకోవాలి. ఆ వైపు లోపలికి మడిచి కవర్లో పెడితే కార్డు సిద్ధం.

నెట్ వైరు పీకేసినా ఈ పనంతా చేయగలగడం దాని గర్వం. చేసిన కార్డు నకలు తన దగ్గర ఉంచుకోదు, ఎక్కడికీ పంపదు. చేత్తో రాసుకునేవాళ్లు పొరబడకుండా సంకేతంలో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ రానివ్వదు. అమెరికాలో మైక్ కాల్డ్‌వెల్ అదే 2011లో కాసాషియస్ నాణేలు చేసి, రహస్య సంకేతాన్ని హోలోగ్రామ్ స్టిక్కర్ కింద దాచాడు. అది డబ్బు బదిలీ వ్యాపారమని అక్కడి ప్రభుత్వ సంస్థ ఫిన్‌సెన్ చెప్పడంతో, బిట్‌కాయిన్ నింపిన నాణేల అమ్మకం 2013లో ఆపేశాడు. ఆయన ప్రతిపాదించిన బిప్ 38 పద్ధతిని ఈ ఫైలు కూడా నేర్చుకుంది. పాస్‌వర్డ్ పెట్టి ముద్రిస్తే, కాగితం దొంగ చేతిలో పడినా పాస్‌వర్డ్ తెలియందే సొమ్ము కదలదు. ఆర్మూర్‌లో ఒక్కరైనా ఆ గడిలో టిక్ పెట్టలేదు.

ఆర్మూర్ రైతు నెలల తరబడి పెంచిన పసుపును ఉడకబెట్టి, కల్లంలో ఆరబెట్టి, నిజామాబాద్ యార్డుకు తీసుకుపోతాడు. కాడి ఒక కుప్ప, గోళ ఒక కుప్ప. కొనేవాళ్లు చేత్తో పట్టి, విరిచి, రంగు చూసి ధర కడతారు. ఎంతమంది చూస్తే రైతుకు అంత మేలు. ఈ కార్డు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. రహస్య సంకేతం చూసినవాడెవడైనా సొమ్ము తీసుకుపోగలడు. ఆ ఫైలును వాడినవాళ్లకు ఈ తేడా తలకెక్కలేదు.

స్నేహితుడి పెళ్లికి ఇవ్వడానికి ఆ యువకుడు ఒక కార్డు చేశాడు. ముందు దాన్ని పీడీఎఫ్‌గా డెస్క్‌టాప్ మీద దాచాడు. ప్రింటు బాగా వచ్చిందో లేదో చూపించడానికి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రహస్యం మూడు చోట్లకు చేరింది. కవరు విప్పిన పెళ్లికొడుకు తల్లి “గిదేం కాయిదం బిడ్డా?” అని అడిగింది. జవాబు చెప్పేవాళ్లు లేక చదివింపుల చిట్టాతో పాటు బీరువాలో పెట్టేసింది. తన చేతి పని ఏ అరలో ఏమైందో ఆ ఫైలుకు ఇప్పటికీ తెలియదు. దాని దిగులంతా దీని గురించే.

తరవాతి రోజులు మరీ చేదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో లావాదేవీలకు సేవలు ఇవ్వవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2019లో పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పోటీకి దిగారు. బరిలో మొత్తం 185 మంది! నామినేషన్ పత్రాలు, అఫిడవిట్లతో ప్రింటర్‌కు తీరిక లేదు. ఆ ఫైలును తెరిచినవాళ్లు లేరు. రిజర్వ్ బ్యాంకు ఆదేశాన్ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా ఆ ఫైలు కోసం ఎవరూ రాలేదు.

2022లో క్రిప్టో వంటి డిజిటల్ ఆస్తులపై పన్ను వచ్చింది. లాభంపై 30 శాతం, బదిలీపై 1 శాతం టీడీఎస్. అదే ఏడాది జూన్ 30న కేంద్రం గిఫ్ట్ కార్డులను ఈ డిజిటల్ ఆస్తుల నిర్వచనం నుంచి తప్పించింది. ఆ మినహాయింపు సరుకులకో సేవలకో వాడే కార్డులకు. ఈ ఫైలు చేసే కార్డు లోపల ఉండేది బిట్‌కాయినే కాబట్టి, పేరు చూసి పన్ను లేదనుకుంటే పొరపాటు.

2024లో పొరుగున నిర్మల్‌లో యూబిట్ కాయిన్ పేరిట గొలుసుకట్టు పథకం నడిపినవాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. అప్పటి నుంచి కాయిన్ అన్న మాట వింటే చాలు, షాపు యజమాని ముఖం చిట్లించేవాడు. ఆ ఫైలు ఎవరికీ రెట్టింపు లాభం ఆశ చూపలేదు, ఇంకో ఇద్దరిని చేర్పించమనలేదు. అయినా అనుమానం దాని మీదా పడింది. పాత కంప్యూటర్ మూలకు చేరింది. అసలు బయటి ప్రపంచం దాన్ని అప్పటికే వదిలేసింది. 2017 ఆగస్టులో బిట్‌కాయిన్‌లో సెగ్‌విట్ అనే మార్పు వచ్చాక బీసీ1తో మొదలయ్యే కొత్త చిరునామాలు వాడుకలోకి వచ్చాయి. అది మాత్రం 1తో మొదలయ్యే పాత చిరునామాలే ముద్రిస్తూ ఉండిపోయింది. మాటల వరుస ఒకటి రాసిపెట్టుకుంటే సరిపోయే వాలెట్లు వచ్చి కాగితం కార్డు పాతబడింది. రహస్య సంఖ్యను దొంగచాటుగా దాచుకునే నకిలీ తయారీ పేజీలు పుట్టి, నిజాయితీగా పనిచేసిన దాని పేరూ చెడగొట్టాయి.

కొత్త కార్డులు చేయమని అది ఇప్పుడు అడగదు. పాత కార్డులు బీరువాల్లో ఉన్నవాళ్లకు మాత్రం చెప్పవలసింది ఉంది. ఏ యాప్‌లోనూ రహస్య సంకేతం కొట్టకుండా, చిరునామా ఒక్కటే చూసి నిల్వ ఎంతో తెలుసుకోవచ్చు. తీయాలనుకుంటే మొత్తం సొమ్మును ఒకేసారి మీ సొంత కొత్త వాలెట్‌లోకి మార్చుకోండి. కొంత తీసి, మిగతాది కాగితం మీదే ఉందనుకుని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సాయం చేస్తామని ఫోన్ చేసి రహస్య కోడ్ ఫొటో అడిగితే పంపకండి. పంపేసి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.