జీతానికి మాత్రం హాజరు

ఇరాక్ రక్షణ శాఖను బాగుచేసే పని 2003లో అమెరికా ప్రతినిధి పాల్ బ్రెమర్ ఒక్క సంతకంతో తేల్చేశారు. ఉన్న శాఖనూ సైన్యాన్నీ ఏకంగా రద్దు చేశారు! తుపాకీ పట్టడం తప్ప మరో పని రాని లక్షల మంది వీధిన పడ్డారు. ఆపై రెండు వేల కోట్ల డాలర్లకు పైగా పోసి కొత్త సైన్యాన్ని తయారుచేశారు. 2014 జూన్‌లో ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) మూక రాగానే అది యూనిఫాంలు రోడ్డు మీదే విప్పేసి, మోసుల్ నగరాన్ని వదిలి పరుగు లంకించుకుంది.

అందరూ పారిపోయారనడం అన్యాయం లెండి. పారిపోవాలన్నా మనిషంటూ ఉండాలి కదా! ఆ నవంబరులో ప్రధాని హైదర్ అల్ అబాదీ లెక్క తీయిస్తే, నాలుగు డివిజన్లలోనే 50 వేల మంది కాగితం సిపాయిలు తేలారు. మస్టర్‌లో పేరుంటుంది, మనిషుండడు. జీతం మాత్రం నెలనెలా అధికారి జేబులోకి కవాతు చేస్తుంది.

2016 ఆగస్టులో రక్షణ మంత్రి ఖాలిద్ అల్ ఒబైదీ పార్లమెంటులోనే స్పీకర్ మీద అవినీతి ఆరోపణ చేశారు. ఆధారాలు చాలవని కోర్టు స్పీకర్‌ను వదిలేసింది. అదే నెలలో సభ మంత్రిని ఇంటికి పంపింది. అక్టోబరులో మోసుల్ విముక్తి యుద్ధం మొదలయ్యేనాటికి రక్షణ మంత్రి కుర్చీ ఖాళీ. నయం, ఈసారి మస్టర్‌లో పేరు కూడా లేదు.