టికియాపారా మూకుడి ఆత్మకథ

నేను పుట్టింది హౌరాలోనే. ఇది కొలిముల ఊరు. న్యూయార్క్ వీధుల్లో కార్లు తొక్కుకుంటూ పోయే మ్యాన్‌హోల్ మూతలు కొన్ని ఇక్కడి ఫౌండ్రీల్లో పోసినవే. ఆ లెక్కన అమెరికాలో నాకు జ్ఞాతులున్నారు. వాళ్ళది చక్రాల కింద బతుకు, నాది మంట మీద బతుకు. నాదే మేలు. వాళ్ళకు నూనె రాసే దిక్కు లేదు.

నన్ను కొన్నది పలాస మనిషి, టికియాపారా కార్‌షెడ్‌లో ఫిట్టరు. హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషనే మాది. తూర్పు కోస్తా రైల్వే వచ్చిన 2003 దాకా పలాస కూడా ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. అందుకే సిక్కోలు కుర్రాళ్ళు ఇక్కడికి ఉద్యోగానికి రావడం పెద్ద వింత కాదు. ఊరి పట్టాలు పట్టుకుని వచ్చేస్తే చాలు.

ఇల్లాలు నన్ను తేగానే పొయ్యెక్కించలేదు. కొన్నాళ్ళు గంజి పోసి నానబెట్టింది, తోమింది, నూనె రాసి కాచింది, ఉల్లిపాయ ముక్కలు మాడ్చి పారేసింది. అప్పటికిగాని నా ఒళ్ళు నల్లబడి నునుపు తేలలేదు. చింతపండు పులుసు మాత్రం నాలో ఎప్పుడూ కాయలేదు. పులుపు తగిలితే పట్టిన పదును ఊడిపోతుందని ఆమెకు తెలుసు.

గొడవంతా నూనె దగ్గరే వచ్చింది. పలాస నుంచి అత్తగారు వచ్చినప్పుడు ఇంట్లో పల్లీనూనె నిండుకుంది.

"ఏటే, ఆవనూనెలో పకోడీలా? ముక్కు మూసుకుని తినాలా ఏటి?"

"పొగ రానీయండత్తా, అప్పుడు చూడండి."

పక్కింటి బౌది, అంటే బెంగాలీ వదినగారు, నేర్పిన కిటుకు అది. ఆవనూనె సుమారు 250 డిగ్రీల దగ్గర పొగ చిమ్ముతుంది. ఆ కాకతో ఘాటు తగ్గుతుంది. కానీ పకోడీకి కావలసింది 170, 180 మధ్య వేడి. కనక పొగ రాగానే మంట ఆర్పి, నూనె కాస్త నిదానించాక మళ్ళీ వెలిగించాలి. ఇంట్లో థర్మామీటరు ఎవరికుంది? చిటికెడు పిండి వేస్తే అడుగుకు వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, బుసబుసలాడుతూ పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే నూనె చాలినంత కాగలేదు, పడగానే నల్లబడితే మరీ కాగింది.

ఆ రోజు ఉల్లిపాయలు సన్నగా చీరి, ఉప్పు వేసి పిసికి, ఊరిన ఆ తడిలోనే శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి, వాము కలిపింది. చుక్క నీళ్ళు పోయలేదు. అత్తగారు ఒకటి కొరికి ఏమీ అనలేదు, ఇంకోటి తీసుకున్నారు. ఆవపెట్టిన అరటికాయ కూర లొట్టలేస్తూ తినేవాళ్ళు ఆవనూనెకు ముక్కు విరవడమేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అరటిపువ్వు రోజు అసలు సంబరం. ఒక్కొక్క పువ్వులోంచి గట్టి పుల్లనీ పలచటి పొలుసునూ ఏరి, సన్నగా తరిగి, నల్లబడకుండా పసుపు కలిపిన మజ్జిగ నీళ్ళలో వేస్తారు. చేతులకు ముందే నూనె రాసుకోకపోతే జిగురు వదలదు. ఆ ఏరుడు బౌదీ, మా ఇల్లాలూ కలిసే చేస్తారు, ఆపైన దారులు వేరు. బౌది పువ్వును ఉడికించి, ఆలుగడ్డతో మెదిపి, గరం మసాలా, కొబ్బరి ముక్కలు వేసి, రొట్టె పొడిలో దొర్లించి చాప్ చేస్తుంది. మా ఇంట్లో నానిన శనగపప్పు, పచ్చిమిరప, అల్లం కచ్చాపచ్చాగా రుబ్బి, పిండిన పువ్వు కలిపి వడలు తడతారు. రెండూ నాలోనే వేగాయి. న్యాయంగా చెప్పాలంటే చాప్‌ది లోపలి రుచి, వడది అంచు రుచి.

వానాకాలం నాకు గిరాకీ. కార్‌షెడ్ పట్టాల మీద నీళ్ళు నిలిచి లోకళ్ళు ఆగిపోతే ఫిట్టరు ఏ రాత్రికో తడిసి వస్తాడు. అప్పుడు బౌది ఇంట్లో కిచుడీలోకి వంకాయ చక్రాలు, మా ఇంట్లో పప్పుచారులోకి దొండకాయ వేపుడు. దొండకాయకు మూత పెట్టకూడదు, ఉప్పు ముందే వేయకూడదు. వేస్తే నీరు ఊరి, వేగాల్సింది ఉడుకుతుంది. ఈ గాలి తేమకు నన్ను తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పే. కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనెగుడ్డతో తుడిస్తేనే మర్నాటికి పనికొస్తాను.

ఈమధ్య కొడుకు నాన్‌స్టిక్ పెనం, ఎయిర్ ఫ్రయ్యరూ తెచ్చాడు. ఆవనూనె పొగ వచ్చేదాకా కాస్తే ఆ పెనం పూత నిలవదు. ఇక ఫ్రయ్యరు చేసినవి పకోడీలంటే పకోడీలే, ఎవరూ కాదనరు. కానీ మొన్న రంజాన్ నెలలో వీధిలో ఇఫ్తారుకు వేయించే ప్యాజీల, అదే ఉల్లి పకోడీల, వాసన గుప్పున రాగానే, ఆ కొడుకే వచ్చి నన్ను అటక మీంచి దింపాడు.