ఒడ్డున ఓడ, రోడ్డున నీళ్లు

ఐఎన్‌ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విధులు చాలించింది. 91 మీటర్ల ఆ ఉక్కు దేహాన్ని విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు చేర్చి, 2002లో మ్యూజియంగా మార్చారు. నీళ్లలో తిరిగినదానికి పొడి నేల మీద విశ్రాంతి. స్మారకమంటే అంతే మరి.

హైదరాబాద్ అమీర్‌పేటలో లెక్క తిరగబడుతుంది. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా గట్టి వాన పడితే మైత్రీవనం ముందు రోడ్డే చెరువు. పంజాగుట్ట దాకా బండ్లు లంగరేస్తాయి, పైన మెట్రో మాత్రం పొడిగా పోతుంది. అన్ని సాఫ్ట్‌వేర్ కోర్సులూ దొరికే ఈ వీధుల్లో ఈత కోర్సే కొరత. ఇక్కడ కూడా స్మారకంగా పాత చేపల పడవను బాగుచేసి నిలబెడితే, మొదటి వానకే అది షేర్ ఆటో. అయ్యా, పడవ వద్దు. వానాకాలానికి ముందే నాలాల పూడిక తీయించండి.