కోట సారు

హిందూపురంలో బెల్లం మండీ అరుగు మీదనో, పెనుకొండ స్టేషన్లో బెంచీ మీదనో, ధర్మవరంలో మగ్గం గుంత పక్కనో ఇద్దరు చదరంగం పరిచారంటే చాలు, మూడో మనిషి ఒకాయన వచ్చి నిలబడతాడు. ఊరు మారినా ఆ మనిషి మారడు. ఆయన ఆడడు, తీర్పు చెబుతాడు. మంత్రి ఊరికే పోతున్నా నోరు మెదపడు. ఎవరైనా కోట కట్టడానికి (కాస్లింగ్‌కు) చెయ్యి చాపితే మాత్రం కేక పెడతాడు: "ఆగప్పా! ముందు ఏనుగును ముట్టినావు. ఇంక ఏనుగునే కదిలించల్ల. కోట కట్టేటప్పుడు ముందు రాజు, అదీ ఒంటి చేత్తో!"

అందుకే కోట సారు.

మా పక్క సగం తగాదాలు ఒక్క మాట దగ్గరే: ఒకసారి చెక్ పడిన రాజు ఇంక కోట కట్టుకోగూడదని. ఇది ఎక్కడిదో కాదు. పాత నాటు చదరంగంలో రాజు ఒక్కసారి గుర్రం లాగా దూకొచ్చు, అంతవరకు చెక్ పడకుండా ఉంటేనే. ఆట మారినా ఆ షరతు జనం బుర్రల్లో మిగిలిపోయినట్టుంది. సారు మండిపడతాడు. "చెక్‌కు బంటును అడ్డం పెట్టినాడు, రాజు కదల్లేదు. హక్కు యాడికి పోతాది? చెక్‌లో ఉండంగ కట్టగూడదు. శత్రువు చూపున్న గడి దాటగూడదు, ఆ గడిలో దిగగూడదు. రాజు గానీ, ఆ ఏనుగు గానీ అంతకు ముందు కదిలుండగూడదు, నడుమ ఎవురూ ఉండగూడదు. అంతే!"

"ఏనుగు మీద దాడి ఉంటేనో సార్?" అని ఎవరైనా అడిగితే ఆ పూటకు ఇంక ఆట సాగదు. 1974లో మాస్కోలో కార్పోవ్ మీద ఆడుతూ కోర్చ్‌నాయ్ అంతటి గ్రాండ్‌మాస్టరే లేచి వెళ్ళి ఇదే సందేహం న్యాయనిర్ణేతను అడిగాడు. కట్టుకోవచ్చన్నారు, కట్టాడు, గెలిచాడు. సారు ఇది చెప్పేటప్పుడు తానే ఆ న్యాయనిర్ణేత అన్నంత ధీమా.

పెనుకొండ కొండ కనబడితే చరిత్రనూ వదలడు. 1565లో విజయనగరం రక్కసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీదికెక్కించి, రాజు సదాశివరాయలను వెంటబెట్టుకొని ఈ కోటకే వచ్చాడు కదా. "రాజూ కదిలినాడు, ఏనుగులూ కదిలినాయి, బాగుంది. అయితే చెక్‌లో ఉండంగ కదిలినారు. చెల్లదు." నాలుగున్నర శతాబ్దాల నాటి ఎత్తును వెనక్కి తీసుకొమ్మంటున్నాడేమో అనిపిస్తుంది వినేవాళ్ళకు.

ధర్మవరంలో ఒకరోజు జత కుదరక, నేతగాళ్ళ పిల్లవాడొకడు "తాతా, నువ్వే కూచో" అన్నాడు. తప్పక కూచున్నాడు. పిల్లవాడు ఫోన్లో నేర్చిన బాపతు, గబగబా జరుపుతున్నాడు. సారు ఒక్కో ఎత్తుకు ఒక్కో నియమం వివరిస్తున్నాడు. వివరించే హడావుడిలో తన రాజుకు కోట కట్టడమే మరిచాడు. రాజు నట్టనడుమ సంతలో తప్పిపోయిన ముసలాయనలా నిలబడ్డాడు. పిల్లవాడు రాజును పట్టుకొని మంత్రి వైపు రెండు గడులు జరిపి, ఏనుగును ఇవతలికి దూకించాడు. ఆ ఏనుగే సారు రాజుకు ఎదురు నిలిచింది. చెక్. కదిలే చోటు లేదు. ఆట కట్టు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. సారు బల్ల మీదికి వంగి గడి గడీ వేలితో తడిమాడు.

"ఏనుగు దాటిన ఈ గడి నా శకటు కింద ఉంది."

"అయితే చెల్లదా తాతా?" పిల్లవాడి మొహం చిన్నబోయింది.

"ఎవురు చెప్పినారు చెల్లదని? దాని మీద నడిచింది ఏనుగు, రాజు కాదు. ముందు ముట్టింది రాజునే, నేను చూసినా. ఒంటి చేత్తోనే!" సారు కళ్ళు మెరిశాయి. "నూటికి నూరు పాళ్ళు చెల్లుతాది! ఒరేయ్, ఎవురన్నా పోయి వీనికి ఉగ్గాని బజ్జి తెండిరా!"